గిల్టుకి కార్డెందుకు?

2011 వేసవిలో మా పిన్ని కూతురు లండన్ నుంచి వస్తూ నాకో ఉంగరం తెచ్చింది. నీలం రంగు మఖమల్ పెట్టె. లోపల కోలగా ఉన్న నీలపు రాయి, చుట్టూ పద్నాలుగు తెల్లరాళ్ళు. పెట్టె మూతలో ఇరికించి ఒక చిన్న కార్డు. ఇది రాజకుటుంబపు పెళ్ళికి జ్ఞాపిక అనీ, అసలు ఉంగరానికి అచ్చమైన నకలు అనీ, ఇందులోని రాళ్ళు మాత్రం వజ్రాలూ నీలమూ కావనీ దానిమీద రాసుంది. ఆఖరి సంగతి చీమల్లాంటి అక్షరాల్లో. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఉంగరాన్ని ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి చూసింది. "గిల్టేగా?" అంది. అవునన్నాను. "గిల్టయితే గిల్టనే పెట్టుకుంటాం. దీనికి మళ్ళీ కార్డెందుకే?"

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. చాలా రోజులకి గాని ఆ ప్రశ్నలో ఉన్న పదును నాకు తెలియలేదు. రాయి అబద్ధమాడటం లేదు. గాజు గాజులాగే ఉంది. అబద్ధమంతా కార్డులో ఉంది. ఆ కార్డుని ఒక పాఠంగా, అంటే మనం కథనీ కవితనీ చదివినట్టు చదివితే ఏం బయటపడుతుందన్నదే ఈ వ్యాసం.

ముందు ఆ "అసలు" ఉంగరం సంగతి. 1981 ఫిబ్రవరిలో డయానా వేలికి ఎక్కిన ఉంగరం అది. పన్నెండు క్యారెట్ల సిలోన్ నీలం, చుట్టూ పద్నాలుగు వజ్రాలు. గరార్డ్ అనే నగల దుకాణం కేటలాగులో ఉన్నదే, ప్రత్యేకంగా చేయించింది కాదు. దాదాపు 28,000 పౌన్లు పెట్టగలిగితే ఎవరైనా కొనుక్కోవచ్చు. రాజవంశపు కోడలికి కేటలాగు ఉంగరమా అని అప్పట్లో కొందరు ముక్కు విరిచారు. 1995లో ఆమె టెలివిజన్ ముందు కూర్చుని తన కాపురంలో ముగ్గురున్నారని చెప్పింది. 1996లో విడాకులు, 1997 ఆగస్టు 31న పారిస్‌లో చావు. 2010 నవంబరు 16న అదే ఉంగరం కేట్ మిడిల్టన్ వేలిమీద కనిపించింది. కొద్దిరోజుల్లోనే చైనాలోని యీవూ టోకు బజారులో దాని నకళ్ళు కుప్పలుగా తయారయ్యాయి.

కార్డులో ఇందులో ఏముంది? పెళ్ళి ఉంది. ప్రేమ ఉంది. అత్తగారి గుర్తుగా కోడలికి సంక్రమించిన వస్తువు అన్న మాట ఉంది. ఆ అత్తగారు ఆ ఉంగరం పెట్టుకుని ఏ కాపురం చేసిందో, ఎందుకు బయటకొచ్చిందో లేదు. మన ఇళ్ళల్లో పెళ్ళి ఆల్బమ్ ఉంటుంది గాని కోర్టు కాగితాల ఆల్బమ్ ఉండదు కదా. జ్ఞాపిక అన్న మాటలోనే జ్ఞాపకం ఉందనుకుంటాం. నిజానికి ఆ వస్తువు చేసే పని ఎక్కువగా మరిపించడం.

ఇలాంటివి కొనే ఆడవాళ్ళని ఎగతాళి చెయ్యడం చాలా తేలిక. "ఆడవాళ్ళ నగల పిచ్చి" అన్న మాటకి ఇప్పుడు "రాణీగారి పిచ్చి" కూడా కలుస్తుంది. సాహిత్యంలో ఈ ఎగతాళికి పెద్దపీట వేసిన కథ మొపాసా 1884లో రాసిన "నెక్లెస్". గుమాస్తా భార్య మటిల్డ్ విందుకోసం స్నేహితురాలి దగ్గర వజ్రాల హారం ఎరువు తెచ్చుకుని పోగొట్టుకుంటుంది. అలాంటిదే కొనిచ్చి, ఆ అప్పు తీర్చడానికి పదేళ్ళు అంట్లు తోమి, నీళ్ళు మోసి ముసలిదైపోతుంది. చివరికి తెలిసేదేమిటంటే ఎరువిచ్చిన హారం గాజురాళ్ళది. ఆడదాని ఆడంబరానికి శిక్ష అని మనకి క్లాసులో చెప్పారు, మనమూ చాలామందిమి అలాగే చెప్పాం. కాని ఆ గాజుహారం అసలు ఎవరిది? డబ్బున్న మదామ్ ఫోరెస్టియేది. ఆమె పెట్టె నిండా నగలున్నాయి, అందులో ఇదీ ఒకటి. దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు. గాజు ఆమె మెడలో ఉంటే వజ్రం. శిక్ష పడింది ఆ ధైర్యం లేని గుమాస్తా పెళ్ళానికి. నగ నిజమా కాదా అన్నది రాయిని బట్టి కాదు, మెడని బట్టి తేలుతుందని మొపాసా చెప్పకుండానే చెప్పాడు. మనం వినిపించుకోలేదు.

రాణుల మెడలూ తలలూ ఇందుకు మినహాయింపు కాదు, పైపెచ్చు మంచి ఉదాహరణలు. 1685లో మేరీ ఆఫ్ మొడీనా పట్టాభిషేకపు కిరీటంలో పొదిగిన వజ్రాలు అద్దెవి. ముచ్చట తీరాక వెనక్కిచ్చేశారు. ఇప్పుడు ఆ కిరీటంలో ఉన్నవి స్ఫటికాలు. 1821లో నాలుగో జార్జి కిరీటానికి పన్నెండు వేల పైచిలుకు వజ్రాలు అద్దెకి తెచ్చి, తిరిగివ్వడానికి మనసొప్పక రెండేళ్ళు అట్టిపెట్టుకున్నాడు. 1911లో మేరీ రాణి తలమీద కోహినూర్ ఉన్న కిరీటం కూడా తర్వాత అసలు రాళ్ళు తీసేసి స్ఫటికపు నకళ్ళు పెట్టుకుని, దశాబ్దాల పాటు లండన్ టవర్‌లో అద్దాల పెట్టెలో కూర్చుంది. అంటే వరసలో నిలబడి టిక్కెట్టు కొని లోపల చూసేదీ నకలే, బయట దుకాణంలో కొనుక్కునేదీ నకలే. తేడా ఒక్కటే. లోపలి నకలుకి కాపలా ఉంది.

నకలు రాళ్ళకీ ఒక చరిత్ర ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో పారిస్‌లో స్ట్రాస్ అనే అతను సీసం కలిపిన గాజుని వజ్రంలా మెరిసేట్టు సానబట్టి, 1734లో ఏకంగా రాజుగారి నగల వర్తకుడయ్యాడు. మన బజార్లలో "అమెరికన్ డైమండ్" అని అమ్మే రాయిని పెద్దయెత్తున తయారుచేసే పద్ధతి 1970ల్లో తేల్చింది మాస్కోలోని లెబెదేవ్ సంస్థ శాస్త్రవేత్తలు. సోవియట్ రాయికి అమెరికా పేరు పెట్టి పెళ్ళిళ్ళలో పెట్టుకుంటున్నాం. పేరులో ఉన్న అబద్ధానికి రాయి ఏం చేస్తుంది పాపం.

ఇప్పుడు కోహినూర్. టవర్ దుకాణాల్లో కిరీటాల బొమ్మలూ, కిరీటపు నగలని చూసి చేసిన బ్రోచులూ దొరుకుతాయి. వాటి వెనకున్న పెద్ద వెలుగు ఈ రాయే. మగవాళ్ళకి అచ్చిరాదనీ, ఆడవాళ్ళు మాత్రమే ధరించాలనీ ఒక నమ్మకం. 1902లో అలెగ్జాండ్రా, 1911లో మేరీ, 1937లో ఎలిజబెత్, అందరూ రాజుల భార్యలు. దేశాన్నేలిన విక్టోరియా కూడా దీన్ని బ్రోచిగానూ, తలకి పెట్టుకునే నగగానూ వాడుకుందే గాని రాజ్యాధికారపు కిరీటంలో పొదిగించలేదు. ఆడవాళ్ళకి దక్కిన గౌరవంగా దీన్ని చెబుతుంటారు. నాకలా కనిపించదు. దోచుకొచ్చిన సొమ్ము మగవాడి తలమీద ఉంటే అది జయం, ఆడదాని తలమీద ఉంటే అలంకారం. అలంకారానికి సంజాయిషీ ఎవరూ అడగరు. సామ్రాజ్యం తన నేరాన్ని ఇంటి ఆడదాని నగల పెట్టెలో దాచింది. మన పెద్ద కుటుంబాల్లో లెక్కలేని సొమ్ము ఆడవాళ్ళ పేర పెట్టడం మనకి తెలియనిదా?

ఆ సొమ్ము మరో ఆడదాని ఇంట్లోంచి వచ్చింది. పంజాబు మహారాజు దులీప్ సింగ్ తల్లి జింద్ కౌర్‌ని 1847లో కొడుకు దగ్గర్నుంచి విడదీసి షేఖుపురాలో నిర్బంధించారు. అప్పటికి పిల్లవాడికి తొమ్మిదేళ్ళు నిండలేదు. పదేళ్ళవాడయ్యాక, 1849 మార్చిలో, అతని చేత లాహోరు ఒప్పందం మీద సంతకం పెట్టించారు. కోహినూర్‌ని ఇంగ్లండు రాణికి అప్పగించాలన్నది అందులో మూడో షరతు. పక్కన తల్లి లేదు. ఆమె చునార్ కోటలోంచి తప్పించుకుని నేపాల్ చేరింది. మళ్ళీ కొడుకుని చూసింది 1861లో, కలకత్తాలో, చూపు దాదాపు పోయాక. 1863లో లండన్‌లో చనిపోయింది. 2016లో మన సుప్రీంకోర్టులో కేంద్ర ప్రభుత్వం తరఫు న్యాయవాది కోహినూర్‌ని ఎవరూ బలవంతంగా లాక్కుపోలేదని చెప్పి, గొడవయ్యాక ప్రభుత్వం మాట మార్చుకోవలసి వచ్చింది. తల్లిని ఖైదు చేసి పిల్లవాడి చేత పెట్టించిన సంతకాన్ని ఏమంటారో ఆ వాదనలో చెప్పలేదు.

2023 మేలో కెమిల్లా పట్టాభిషేకానికి కోహినూర్ వాడలేదు. మేరీ కిరీటాన్నే సవరించి కలినన్ వజ్రాలు పొదిగారు. వివాదం తప్పించుకున్నారని అందరూ మెచ్చుకున్నారు. కలినన్ 1905లో దక్షిణాఫ్రికాలో, వలస పాలన కింద ఉన్న ట్రాన్స్‌వాల్‌లో తవ్విన రాయి. ఒక వలస వజ్రానికి బదులు ఇంకో వలస వజ్రం. అదే నెలలో టవర్‌లో తెరిచిన కొత్త ప్రదర్శనలో కోహినూర్‌ని విజయచిహ్నంగా, అంటే గెలిచి తెచ్చుకున్న దానిగా ఒప్పుకున్నారు. గోడమీద ఒప్పుకున్న ఆ మాట బ్రోచి పెట్టెలోని కార్డు మీదికి వస్తుందా అని నాకు అనుమానం.

ఈ రాయి మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికిందని ఎక్కువమంది నమ్మకం. రుజువు లేదు. కాని కొల్లూరు గనుల గురించి రుజువున్న సంగతి మరొకటుంది. పదిహేడో శతాబ్దంలో అక్కడికొచ్చిన ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే, ఆడా మగా పిల్లలూ కలిసి దాదాపు అరవై వేలమంది పని చేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వితే, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవాళ్ళు. ఆయన చూసిన ఇంకో గనిలో కూలి ఏడాదికి మూడు వరహాలు. వజ్రాల చరిత్ర చెప్పే పుస్తకాల్లో రాయి రాజు నుంచి రాజుకి చేతులు మారుతుంది. మట్టి తట్ట నెత్తిన పెట్టుకుని ఒక తెలుగు ఆడది దాన్ని భూమి మీదికి తెచ్చిన వాక్యం వాటిలో కనబడదు. ఆ గనుల చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. తొలకరి పడ్డాక జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో వంగి నేలని వెతికే కూలి ఆడవాళ్ళని మాత్రం ఏటా చూడొచ్చు.

నిజాం కూడా గుర్తొస్తాడు. 1947లో ఎలిజబెత్ పెళ్ళికి ఆయన ఇచ్చిన కార్టియే వజ్రాల హారాన్ని 2014లో కేట్ వేసుకుంటే ఇక్కడి పత్రికలు "హైదరాబాదు హారం" అని మురిసిపోయాయి. ఆ కానుక వెళ్ళిన ఏడాది తెలంగాణ పల్లెల్లో వెట్టికి వ్యతిరేకంగా పోరాటం నడుస్తోంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చదివినవాళ్ళకి ఆ ఏడాది ఇంకోలా గుర్తుంటుంది.

నకలు నగలు చేసే చేతులూ ఆడవాళ్ళవే ఎక్కువ. యీవూలో ఉంగరాలు చేసినవాళ్ళ పేర్లు మనకెలాగూ తెలియవు. మన బందరు చిలకలపూడిలో, ఇళ్ళ అరుగుల మీద కూర్చుని పీసు లెక్కన రాళ్ళంటించే ఆడవాళ్ళ పేర్లు మాత్రం మనకి తెలుసా? అక్కడి నుంచి లండన్‌కి రాణి ఉంగరాలు వెళ్తున్నాయని కాదు నేననేది. పని ఒకటే. అతుకుల పొగ, పూత పొయ్యడానికి వాడే మందుల ఘాటు, చిన్నరాయి మీద నిలిపి నిలిపి మండే కళ్ళు. గిల్టు అన్న మాటని తిట్టుగా వాడేముందు నాకిప్పుడు ఆ అరుగులు గుర్తొస్తాయి. ఆ వస్తువులో నిజమైనది ఏదైనా ఉంటే అది ఆ పనే.

బ్రిటిష్ రాజభవనం జ్ఞాపికల వ్యాపారులకి ఒక నియమం పెడుతుంది. వస్తువు మంచి అభిరుచితో ఉండాలి, ప్రకటనలు ఉండకూడదు, రాజకుటుంబం ఆమోదించినట్టు ధ్వనించకూడదు. మంచి అభిరుచి ఎవరిది? కింది తరగతి ఆడది మెచ్చినదేదీ మంచి అభిరుచి కాదని మనకీ నేర్పారు. ఇక డయానా పోయాక ఆమె పేర నెలకొన్న నిధి, ఆమె బొమ్మలూ జ్ఞాపికలూ అమ్ముతున్న అమెరికా సంస్థ ఫ్రాంక్లిన్ మింట్ మీద 1998లో దావా వేసి ఓడిపోయింది. ఆ సంస్థ ఎదురు దావా వేసింది. 2003లో నిధి తన గ్రాంట్లు ఆపేయాల్సి వచ్చింది. శరణార్థుల కోసం, ఖైదీల కుటుంబాల కోసం, చావుకి దగ్గరైన రోగుల కోసం పనిచేసేవాళ్ళకి అందాల్సిన డబ్బు అది. 2004లో రాజీ అయ్యేదాకా ఒక చనిపోయిన స్త్రీ ముఖం ఎవరి సొత్తన్న తగాదాకి వాళ్ళు ఎదురుచూడాల్సొచ్చింది.

నా ఉంగరంలో ఒక తెల్లరాయి రెండేళ్ళకే ఊడిపోయింది. అమ్మ దాన్ని మా ఇంట్లో పనిచేసే సత్యవతి కూతురికి ఇచ్చేసింది, ఆ పిల్ల అడిగిందని. "రాణీదమ్మా?" అని సత్యవతి అడిగితే "కాదే, గిల్టు" అంది అమ్మ. ఆ పిల్ల ఊడిన చోట ఫెవిక్విక్‌తో చెమ్కీ అంటించుకుని స్కూలు వార్షికోత్సవానికి పెట్టుకెళ్ళింది. కార్డు అడగలేదు. అది ఇంకా నా దగ్గరే ఉంది, టవెర్నియే పుస్తకంలో కొల్లూరు పేజీ దగ్గర.