నిలబడ్డ చోటునే అనుమానించే ప్రోగ్రాం

కంప్యూటర్ నెమ్మదించిందని ఇంకో 8 జీబీ ర్యామ్ వేయిస్తాం. ఆ పూట పరుగులు తీస్తుంది. మర్నాడు ఏదో ఫైలు తెరిచేసరికి బ్లూస్క్రీన్. మళ్లీ ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనైనా, మన వీధి చివరి రిపేరు షాపులోనైనా ముందు చేసేది ఒకటే: స్టిక్ ఊడదీసి, బంగారు పూత ఉన్న అంచును రబ్బరుతో రుద్ది, టక్కుమనేదాకా స్లాట్‌లోకి నొక్కడం. చాలాసార్లు అంతటితో తీరిపోతుంది. తీరనప్పుడు అక్కరకొచ్చేది క్రిస్ బ్రాడీ 1990లలో రాసిన మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రాం.

ర్యామ్ పరీక్షలో ఒక చిక్కుంది. పరీక్షించే ప్రోగ్రాం కూడా ఆ ర్యామ్‌లోనే కూర్చోవాలి. విండోస్ నడుస్తుండగా పరీక్షిద్దామంటే అది ఆక్రమించుకున్న చోటు ముట్టుకోనివ్వదు. అందుకే మెమ్‌టెస్ట్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ సాయమూ అడగదు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అవుతుంది. మెమరీలో ఒక మూల సర్దుకుని మిగతాదంతా గాలిస్తుంది. ఆ తర్వాత తనే ఇంకో చోటికి మారి, ఇంతసేపూ తానున్న మూలనూ గాలిస్తుంది. కూర్చున్న పీట జరిపి దాని కింద కూడా ఊడ్చేవాళ్ల పద్ధతి ఇది.

అసలు పనితనం ఆ గాలించే తీరులో ఉంది. ఈ స్టిక్కుల్లో ఉండే డీర్యామ్‌లో ఒక్కో బిట్టూ చిన్న కెపాసిటర్‌లో నిలిపిన విద్యుదావేశం. అది కారిపోతూ ఉంటుంది కనుక మామూలుగా 64 మిల్లీసెకన్లలోపే మళ్లీ నింపుతుండాలి. ఆ బిట్టుండే సెల్ చెడినా ప్రతిసారీ చెడినట్టు దొరకదు. చాలాసార్లు ఇరుగుపొరుగు సెల్స్‌లో ఏముందన్న దాన్ని బట్టి తప్పుతుంది. కాబట్టి ఒక విలువ రాసి వెంటనే చదివి చూస్తే సరిపోదు. ఒక సెల్‌లో విలువ రాసి, చుట్టూ దాని వ్యతిరేక విలువను పదేపదే రాసి, అప్పుడు మొదటిదాన్ని చదవాలి. కానీ చిప్ లోపల దేని పక్కన ఏది ఉందో ప్రోగ్రాంకు తెలియదు. అమరికలు రకరకాలు.

దీనికి బ్రాడీ ఎంచుకున్న ఉపాయాల్లో నాకు బాగా నచ్చింది ‘మాడ్యులో 20’. ప్రతి ఇరవయ్యో చోట ఒక విలువ, మిగతా అన్నిచోట్లా దాని వ్యతిరేకం, అదీ మళ్లీ మళ్లీ. అప్పుడు ఆ ఇరవయ్యో చోట్లను చదువుతుంది. తర్వాత ఒక అడుగు పక్కకు జరిగి మళ్లీ మొదలు. పొరుగు ఎవరో తెలియకపోయినా ఏదో ఒక విడతలో పొరుగు తగిలే అవకాశం ఎక్కువ. ఇంకో లాభం: అంత మెమరీ రాసి వచ్చేసరికి ప్రాసెసర్ క్యాష్‌లో పాత విలువ మిగలదు, జవాబు నిజంగా ర్యామ్ నుంచే రావాలి. పాత వెర్షన్లలోని ‘బిట్ ఫేడ్’ ఇంకా మొండిది. మెమరీ నింపేసి 90 నిమిషాలు ఊరికే కూర్చుంటుంది, ఈలోగా ఏ బిట్టైనా మారిందేమో చూడటానికి. తెల్లారి డెలివరీ ఇవ్వాల్సిన షాపువాడికి ఇది నచ్చదు, నిజమే.

తప్పు దొరికితే చిరునామా, ఉండాల్సిన విలువ, ఉన్న విలువ చూపిస్తుంది. ఇక్కడ దాని నిగ్రహం గమనించాలి: తప్పు దొరికినంత మాత్రాన ర్యామ్ పాడైందని తీర్పు చెప్పదు. ప్రాసెసర్ క్యాష్, మదర్‌బోర్డు కూడా ఈ పరీక్షలో నలుగుతాయి మరి. స్టిక్కులు ఒక్కొక్కటే ఉంచి, స్లాట్లు మార్చి నడిపి చూడాల్సింది మనమే. విడివిడిగా నెగ్గి జంటగా ఓడితే స్టిక్కులను నిందించే ముందు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) తీసేసి, వేగం తగ్గించి చూడాలి. కొత్తదీ పాతదీ వేర్వేరు టైమింగ్‌లవి అయినప్పుడు గొడవ తరచుగా అక్కడే.

ఒకటి రెండు చోట్లే చెడి, స్టిక్ మార్చే వీల్లేకపోతే ఇంకో దారుంది. మెమ్‌టెస్ట్86 నుంచి చీలి 2004లో మొదలైన మెమ్‌టెస్ట్86 ప్లస్ చెడ్డ చిరునామాలను బ్యాడ్‌ర్యామ్ రూపంలో రాసిస్తుంది. ఆ వరుసను బూట్‌లోడర్ గ్రబ్‌కు అందిస్తే లైనక్స్ ఆ చోట్లను వదిలేసి మిగతా మెమరీ వాడుకుంటుంది.