మాసూమా బేగం ఎవరి మనిషి?

ముస్లిం స్త్రీ అనగానే తెలుగు రచయితకు బుర్ఖా కనిపిస్తుంది, లేదా తలాక్ వినిపిస్తుంది. శాసనసభలో లేచి మాట్లాడిన ముస్లిం స్త్రీ గుర్తుకు రాదు.

1952లో షాలిబండ నుంచి హైదరాబాద్ శాసనసభకూ, 1957లో పత్తర్‌గట్టీ నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకూ గెలిచారు మాసూమా బేగం. 1960లో దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమ మంత్రి అయ్యారు. దళిత ముఖ్యమంత్రి పక్కన ముస్లిం మహిళా మంత్రి! మొదటి మాట అందరం చెప్పుకుంటాం. రెండోది ఎందుకు మింగేశాం? దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు బడిలోనే విన్నాం. మాసూమా బేగం పేరు మాత్రం పత్రికలో పనికి చేరాక, అదీ ఉర్దూ కాగితాల్లో తగిలింది.

ఉర్దూ వైపూ న్యాయం జరగలేదు. అక్కడ ఆమె ఇమాదుల్ ముల్క్ మనవరాలు, ఖదీవ్ జంగ్ బిడ్డ. ఖాన్‌దాన్ చెప్పాకే మనిషి! తల్లి తయ్యబా బేగం మద్రాసు విశ్వవిద్యాలయం పట్టభద్రురాలనీ, 'అన్వరీ బేగం' నవల రాసిందనీ, తల్లీకూతుళ్లు అంజుమనె ఖవాతీన్ ద్వారా ఆడవాళ్ల మధ్య పనిచేశారనీ ఆ తర్వాతి మాట. తెలుగులో ఆమె లేదు, ఉర్దూలో ఆమె తాతయ్య ఉన్నాడు.

ఇంకో నిజమూ ఒప్పుకోవాలి. ఆమె చదివిన మహబూబియా గొప్పింటి ఆడపిల్లల బడి. దూదేకుల పిల్లకూ, కసాబు పిల్లకూ ఆ గేటు తెరుచుకోలేదు. అంతమాత్రాన ఆమెను నవాబుల ఖాతాలో రాసి చేతులు దులుపుకోలేం. హవేలీ గడప దాటి గల్లీలో ఓటు అడిగిన మనిషి ఆమె. 1962లో పత్తర్‌గట్టీలో సలావుద్దీన్ ఒవైసీ చేతిలో ఓడిపోయారు. ఆ ఎన్నికను మజ్లిస్ ఎదుగుదలగా రాస్తారే గాని, మన తరఫున మాట్లాడిన ఒక ఆడగొంతు సభలోంచి పోయిందని రాయరు. 1974లో పద్మశ్రీ ఇచ్చారు. బిరుదు మిగిలింది, చర్చ మిగల్లేదు.

మేముండే ఎస్.ఆర్. నగర్ పేరులోనే నీలం సంజీవరెడ్డి ఉన్నారు. నాలుగడుగులు వేస్తే అమీర్‌పేట. పాతబస్తీ నుంచి బుర్ఖా వేసుకుని, భుజాన సంచీతో కంప్యూటర్ కోర్సులకు వచ్చే ఆడపిల్లల్ని రోజూ చూస్తున్నాం. ఎవరూ దారి చూపని పిల్లలని వాళ్లమీద జాలిపడే వ్యాసాలు ఇకనైనా ఆపండి. దారి ఉంది. దానిమీద మట్టి కప్పింది మీరూ, మేమూ.