రెండు ‘మన’లు

2019 డిసెంబర్ 6. మాదాపూర్‌లోని మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఆడవాళ్లం రెండుగా చీలిపోయాం. ఆ తెల్లవారుజామున సైబరాబాద్ పోలీసులు ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురినీ కాల్చి చంపారు. రాత్రి షిఫ్టు దిగి క్యాబ్ ఎక్కేటప్పటి భయానికి ఇదే మందు అన్నారు కొందరు. విచారణ లేని శిక్ష మా పేరు మీద వద్దన్నాం ఇంకొందరం. అదే రోజు మహిళా ఉద్యమకారులు హైకోర్టును ఆశ్రయించారు. సాయంత్రానికి మా మాటల్లో ‘మనం’ పోయి ‘మీలాంటివాళ్లు’ వచ్చింది. ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిగాయని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. అయినా ఆ రోజు అవతలివాళ్ల భయాన్ని పూర్తిగా వినలేదన్న బాధ నాకు తగ్గలేదు.

ఆ వారమే ‘మనకు తెలియని మన చరిత్ర’ మళ్లీ తీశాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను రికార్డు చేసి, హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన పుస్తకం ఇది. పనితనం పేరులోనే మొదలవుతుంది. ‘మా చరిత్ర’ అంటే చదివేవాళ్లు గడప బయటే ఉండిపోతారు. ‘మన’ అనగానే లోపలికొచ్చి కూర్చుంటారు. 1989 నాటి ఇంగ్లిషు పుస్తకం ‘వి వర్ మేకింగ్ హిస్టరీ’లోని ‘వి’కి ఈ తేడా చూపే వీలే లేదు.

లోపల ‘మన’ అంటే ఒకే గొంతు కాదు. పాలకుర్తి ఐలమ్మకు పోరాటమంటే విసునూరు దేశ్‌ముఖ్ కన్నేసిన తన పొలం. మల్లు స్వరాజ్యం భూస్వాముల ఇంట పుట్టి దళాన్ని నడిపిన మనిషి. చివరిదాకా కమ్యూనిస్టు పార్టీలోనే ఉన్నారు. వెట్టి కుటుంబం నుంచి వచ్చిన కమలమ్మ, దళంలో ఉండగా కన్న బిడ్డనే వదులుకోవలసి వచ్చింది. జమాలున్నిసా బాజీది పరదా పాటించిన నగర కుటుంబం. 1951లో పోరాట విరమణ జరిగాక ఇళ్లకు పొమ్మన్నప్పటి దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు.

కూర్చినవాళ్లు స్త్రీవాదులు. పార్టీని అడగాల్సిన ప్రశ్నలు వాళ్లకు చాలానే ఉన్నాయి. కమలమ్మ కడుపుకోతను సాక్ష్యంగా నిలబెట్టి స్వరాజ్యం గర్వాన్ని తప్పుపట్టడం వాళ్లకెంత సులువు! ఆ పని చేయలేదు. తమ ప్రశ్నలను పీఠికలో తమ పేరుతోనే వేసుకుని, ఆ స్త్రీల మాటలను ఎవరివి వాళ్లకే వదిలేశారు. ఒకరి ‘నేను’ పక్కన ఇంకొకరి ‘నేను’. మధ్యలో అతుకులు కనిపిస్తూనే ఉంటాయి. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే ఇష్టం ఆ అతుకులే. కమలమ్మ పుటలు చదివి స్వరాజ్యం దగ్గరికి వెళ్తే, ఆ గర్వం తగ్గదు, దాని బరువు తెలుస్తుంది.

స్త్రీవాదం చెప్పే ‘మన’లో మేమెక్కడ అని తర్వాత దళిత స్త్రీలు నిలదీశారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ నిలదీతకు రచయిత్రి గోగు శ్యామల చేతుల్లో వచ్చిన రూపం ‘నల్లపొద్దు’ సంకలనం. ‘దళిత స్త్రీల సాహిత్యం 1921–2002’ అని ఉపశీర్షిక. దళిత స్త్రీలు నిన్నగాక మొన్న కలం పట్టారనుకునేవాళ్లకు, పుస్తకం తెరవకముందే ఆ మొదటి అంకె ఎదురొస్తుంది.