పత్రంలోంచే నడిచే సమాంతర ప్రోగ్రాములు

ప్రోగ్రామును ముందుగా మనిషి చదివి అర్థం చేసుకునే రచనగా రాసి, యంత్రానికి కావలసిన కోడును అందులోంచే వేరుచేయాలని డొనాల్డ్ క్నూత్ 1984లో ప్రతిపాదించిన పద్ధతే లిటరేట్ ప్రోగ్రామింగ్. ఈమాక్స్ ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్‌లో బేబెల్ అనే భాగం ఆ ఆలోచనను విస్తరించి, వివరణ నడుమ ఉన్న కోడును అక్కడికక్కడే నడిపి, ఫలితాన్ని దాని కిందనే చేరుస్తుంది. పైథాన్ వంటి భాషలకు ఇది సులువే. సీ భాషలో రాసిన, ఎంపీఐతో, అంటే విడివిడి ప్రాసెస్‌లు పరస్పరం సందేశాలు పంపుకొనే ప్రమాణంతో నడిచే ప్రోగ్రాముకు మాత్రం పనితనం కావాలి, ఎందుకంటే దానిని ముందు ఎంపీఐసీసీతో కంపైల్ చేసి, ఆపై ఎంపీఐరన్ ద్వారా పలు ప్రాసెస్‌లుగా ఒకేసారి ప్రారంభించాలి. నేర్పరులు కోడును ‘టాంగిల్’ చేసి, అంటే పత్రంలోంచి ఫైలుగా వెలికితీసి, ఆ వెంటనే ఒక షెల్ బ్లాకులో ఆ రెండు ఆదేశాలనూ రాసిపెడతారు. నాలుగు ప్రాసెస్‌లు తమ తమ సంఖ్యలను ముద్రించినప్పుడు అవి 0, 1, 2, 3 అనే వరుసలో కాక 2, 0, 3, 1గా రావచ్చు, మళ్లీ నడిపితే ఆ వరుస మారనూవచ్చు; సమాంతర గణనలో ఎంతో మెలకువ కోరే ఈ స్వభావం వివరణ పక్కనే కళ్లకు కట్టడం ఈ పద్ధతి చేసే అపురూపమైన మేలు. ఏ ఆదేశంతో, ఏ ఫ్లాగులతో, ఎన్ని ప్రాసెస్‌లతో ఆ ఫలితం వచ్చిందో కూడా పత్రంలోనే ఉంటుంది కనుక, మరొక పరిశోధకుడు ఆ గణనను తన కంప్యూటర్‌లో తిరిగి నడిపి సరిచూసుకోగలడు.