ప్రశ్న కూర్చేదెవరు?

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవాళ్లకి అప్పుడప్పుడూ పరీక్షల విభాగం నుంచి ఒక కవరు వస్తుంది. లోపల సిలబస్ కాపీ, పాత మోడల్ పేపరు, సంతకం పెట్టి పంపాల్సిన హామీపత్రం, తిరిగి సీలు వేసి పంపడానికి ఇంకో కవరు. రెండు సెట్లు కూర్చాలి. చిన్న ప్రశ్నలు ఎనిమిదిస్తే ఐదు రాయాలి. పెద్ద ప్రశ్నలు యూనిట్‌కి రెండు చొప్పున, మధ్యలో 'లేదా'. ఎవరికీ చెప్పకూడదు. ఇచ్చే డబ్బు గురించైతే మనమే ఎవరికీ చెప్పుకోం. అయినా నాకిది ఇష్టమైన పని. ఏడాది పొడుగునా మనం చెప్పే పాఠం కన్నా ఆ ఒక్క కాగితమే పిల్లల చదువును నడిపిస్తుంది.

చదువుల మీద వలస పాలన నీడ పోవాలని ఈమధ్య సెమినార్లు జోరుగా జరుగుతున్నాయి. వక్తలంతా 1835లో ఇంగ్లీషు చదువు గురించి మెకాలే రాసిన మినిట్ దగ్గర మొదలుపెట్టి, అక్కడే తిరిగి తిరిగి, శాలువా కప్పించుకుని దిగిపోతారు. మన కాలేజీలకు సంబంధించి అసలు గుర్తుపెట్టుకోవాల్సిన సంవత్సరం 1857 అని నా అభిప్రాయం. ఆ ఏడాదే కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. మూడింటికీ నమూనా లండన్ యూనివర్సిటీ. అప్పట్లో లండన్ యూనివర్సిటీ పాఠాలు చెప్పేది కాదు, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది. మనవీ అలాగే మొదలయ్యాయి. చెప్పేవాడు ఒకచోట, అడిగేవాడు ఇంకోచోట, దిద్దేవాడు మరోచోట. ఏ ఊళ్లో ఏ మాస్టారి దగ్గర చదివినా కుర్రాడు ఒకే కొలతకు రావాలి, ఆ మాస్టారిని మాత్రం సర్కారు నమ్మనక్కర్లేదు. ఆ ఏర్పాటు సారాంశం ఇదే. లండన్ 1900 కల్లా తానే బోధించే విశ్వవిద్యాలయంగా మారిపోయింది. ఇక్కడ 1904 విశ్వవిద్యాలయాల చట్టం బోధనకు దారి తెరిచినా, అనుబంధ కాలేజీలకు పరీక్ష పెట్టే పద్ధతి మాత్రం కదల్లేదు.

'సిలబస్ మార్చాం కదండీ' అంటారు. మార్చారు, కాదనను. ప్లేటో పక్కన కౌటిల్యుడు వచ్చి కూర్చున్నాడు. 2010లో భోపాల్‌లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్నాతకోత్సవంలో గౌను వలసకాలపు గుర్తంటూ విప్పేస్తే టీవీ ముందు నేనూ చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత చాలాచోట్ల గౌన్ల బదులు చేనేత కండువాలు వచ్చాయి. నేతన్నకు నాలుగు డబ్బులు వస్తే సంతోషమే. కానీ ప్రశ్న సంగతేమిటి? 'ప్లేటో న్యాయ భావనను వివరించుము' పోయి 'కౌటిల్యుని సప్తాంగ సిద్ధాంతమును వివరించుము' వచ్చింది. గైడులో పేజీ మారింది, అంతే.

సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో అచ్చయింది. సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన తొలి తెలుగు పుస్తకం. ఆయన ప్రొఫెసర్ కాదు, వకీలు, 'గోలకొండ' పత్రిక సంపాదకుడు. రాజుల వరసలు పక్కనపెట్టి, కావ్యాల్లో జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ నమ్మకాలతో బతికారు అని వెతికాడు. పరీక్షలో ఆ పుస్తకం మీద వచ్చే ప్రశ్న 'ప్రాముఖ్యతను తెలుపుము'. పుస్తకం అట్ట కూడా చూడకుండా ఆరు పాయింట్లు రాసి, అండర్‌లైన్ చేసి పదికి ఎనిమిది తెచ్చుకోవచ్చు. ఒక పద్యం ఇచ్చి, సురవరం చేసిన పనే నువ్వూ చేసి చూపించు అని మాత్రం ఎవరూ అడగరు.

క్లాసులో నేను మోటుపల్లి అభయ శాసనంతో ఆ పని చేయించేవాణ్ని. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించింది. గాలివానకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోననీ అందులో ఉంది. గైడు దీన్ని 'విదేశీ వాణిజ్యాన్ని ప్రోత్సహించెను' అని ఒక్క లైనులో తేల్చేస్తుంది. శాసన పాఠం చేతికిచ్చి చదవమంటే, వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, 'సార్, రాజు ఇంత గట్టిగా మాటిస్తున్నాడంటే అప్పటికే ఓడలు రావడం మానేశాయా?' అన్నాడు. ఇంకో అమ్మాయి, 'ఓడ మునిగితే సరుకు షావుకారుదే అన్నారు బావుంది, అందులో పనిచేసేవాళ్ల సంగతి రాయలేదేం?' అంది. ఈ రెండు ప్రశ్నలూ ఏ మోడల్ పేపర్లోనూ లేవు. అలాంటిదొకటి నేను యూనివర్సిటీ పేపర్లో పెట్టి పంపితే, అచ్చులో 'గణపతిదేవుని ఘనతను వివరించుము' అయి బయటికొచ్చింది.

మలేషియా సామాజికశాస్త్రవేత్త సయ్యద్ హుస్సేన్ అలటాస్ 1970లలో ఆసియా మేధావుల గురించి చెప్పింది ఇదే. మన మనసు బందీ అయిందనడానికి ఆయన చూపిన గుర్తు ఇంగ్లీషులో మాట్లాడటం కాదు, సొంతంగా సమస్యను లేవనెత్తలేకపోవడం. 

భాష మారిస్తే చాలనుకునేవాళ్లకి హైదరాబాదే జవాబు. 1917లో నిజాం ఫర్మానా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం. వైద్యం, ఇంజనీరింగ్‌తో సహా ఉర్దూలో చెప్పారు. దారుల్ తర్జుమా అనే అనువాద విభాగంలో పండితుల్ని కూర్చోబెట్టి వందల పుస్తకాలు అనువదింపజేశారు. ఆ సాహసం ముందు మన తెలుగు మాధ్యమం ప్రయత్నాలు వెలవెలబోతాయి. అయితే అక్కడి తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు ఉర్దూ ఇంటిభాష కాదు. 1938లో హాస్టల్లో వందేమాతరం పాడినందుకు అదే విశ్వవిద్యాలయం విద్యార్థుల్ని వెళ్లగొట్టింది, నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. ఇంగ్లీషు పోయింది గానీ హుకుం పోలేదు.

ఇటు వాల్తేరు వైపు చూస్తే కట్టమంచి రామలింగారెడ్డి కనిపిస్తారు. కేంబ్రిడ్జిలో చదివి, తెలుగులో 'కవిత్వతత్త్వ విచారము' రాసి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. సత్యాగ్రహుల మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో పదవికి రాజీనామా చేశారు. 1936లో తిరిగొచ్చి 1949 దాకా నడిపారు. తెలుగు విమర్శకుడు విశ్వవిద్యాలయాధిపతి కావడం అప్పట్లో వింత కాదు. ఇప్పుడు ఆ కుర్చీకి సెర్చ్ కమిటీ చూసే బయోడేటాలో తెలుగు పుస్తకానికి ఎన్ని మార్కులో మీరే ఊహించుకోండి. విద్యాసంస్థలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాతీయ ర్యాంకింగు పరిశోధన పత్రాల్ని స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ లెక్కలతో తూస్తుంది. ఒకప్పుడు 'భారతి' పత్రికలో వచ్చి పండితలోకాన్ని కదిపిన వ్యాసం ఆ తక్కెడలో సున్నా. ఇక ఆపై కుర్చీ అసలే మారలేదు: 1857లో మద్రాసు గవర్నరే ఛాన్సలర్, ఇవాళ మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ ఎక్కువగా గవర్నరే ఛాన్సలర్.

పాత పద్ధతికి ఒక్క సుగుణం ఉంది, దాన్ని దాచకూడదు. ఎక్కడో కూర్చుని పేరు తెలియకుండా దిద్దేవాడి వల్ల, ఊళ్లో మాస్టారి కులపిచ్చి నుంచి ఎందరో దళిత విద్యార్థులు గట్టెక్కారు. ఇంటర్నల్ మార్కులంటే వాళ్లు భయపడటంలో న్యాయముంది. అందుకని ప్రశ్న కూర్చే అధికారం పాఠం చెప్పేవారికివ్వండి, దిద్దడం బయటివాళ్లకే ఉంచండి అంటాను. రెండింటినీ కట్టగట్టి ఒకేచోట పెట్టాలని రూలేమీ లేదు.

అటానమస్ కాలేజీలకు ఈ వెసులుబాటు ఇప్పటికే ఉంది. సిలబస్ వాళ్లదే, పరీక్షా వాళ్లదే. అయినా నేను చూసినంతలో చాలావరకు యూనివర్సిటీ మోడల్ పేపరునే దించుకుంటున్నాయి. ఈసారి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో కూర్చునే మిత్రులకు ఒక విన్నపం. చరిత్ర పేపర్లో ఒక్క పెద్ద ప్రశ్న చాలు, క్లాసులో చెప్పని శాసనమో, పాత భూమి దస్తావేజో అచ్చువేసి, దీన్నిబట్టి నీకేం తెలుస్తోంది, ఏం తెలియడం లేదు అని అడగండి. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, మినిట్స్ బుక్కులో ఒక తీర్మానం రాస్తే సరిపోతుంది.