పగులు పుట్టే వేళ

కొత్త సీసీ రోడ్డు మీద గీత కనబడితే చాలు, "సిమెంటు తినేశార్రా" అంటాం. నిజంగా తిన్నవాళ్లూ ఉంటారు, కాదనను. కానీ నేను వంగి చూసిన పగుళ్లలో చాలావాటికి నీళ్ల దగ్గరే లెక్క తప్పింది. కలిపేటప్పుడు ఎక్కువ, పోశాక తక్కువ.

మాలు గట్టిగా ఉంటే పార కదలదు. ఇంకో బకెట్టు పొయ్యమంటాడు మేస్త్రి. సిమెంటుకు అక్కర్లేని ఆ నీరు తర్వాత మెల్లగా ఆరిపోతూ పలకను కుదించేస్తుంది. పోసిన నాడే ఎండా వడగాలీ తోడైతే ఆగేదే లేదు. చదరపు మీటరుకు గంటకు కిలో నీరు ఆవిరైతే, గట్టిపడకముందే పైన సన్నగీతలు పడతాయి. సాయంత్రం సిమెంటు పాలు పూస్తారు. గీత కనబడదు, అంతే.

గట్టిపడ్డాక కూడా పలక కుదించుకుంటుంది, ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఎక్కడన్నది మనం చెప్పాలి. అందుకే నాలుగున్నర మీటర్లకొక కోత, మందంలో మూడో వంతో నాలుగో వంతో లోతున. కోసే మిషను మర్నాడు మధ్యాహ్నం తీరిగ్గా వచ్చేసరికి రోడ్డు తనకు నచ్చిన చోట కోసుకునే ఉంటుంది.

ఏళ్ల తర్వాత బయటపడే పగుళ్లు వేరు. ఎండిన చెరువులో నెర్రెల్లా పలకంతా అల్లుకుంటాయి. 1940లో కాలిఫోర్నియా రోడ్ల శాఖ ఇంజనీరు థామస్ స్టాంటన్ వీటి గుట్టు విప్పాడు. కొన్ని రకాల కంకరలోని సిలికా, సిమెంటులోని క్షారంతో కలిసి జిగురవుతుంది. ఆ జిగురు నీరు తాగి ఉబ్బి, కాంక్రీటును లోపలినుంచే చీలుస్తుంది. నేలలో సల్ఫేట్లుంటే అదో రకం ఉబ్బు. కంకరను ముందే పరీక్షకు పంపాలి గానీ, ఊరి రోడ్డుకు పంపేదెవరు?

కంకర ఉబ్బుకు మంచి విరుగుడు థర్మల్ ప్లాంటు బూడిద. మనకు దొరికే పీపీసీ (పోర్ట్‌లాండ్ పోజొలానా సిమెంటు) బస్తాలో సాధారణంగా ఉండేది అదే. "బూడిద కలిపిన సిమెంటా!" అని మొహం చిట్లించేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. కాకపోతే ఆ సిమెంటు నిదానంగా బలం పుంజుకుంటుంది, తడి ఇంకాస్త ఎక్కువ అడుగుతుంది. మడులు కట్టో, గోనెపట్టాలు కప్పో కనీసం 14 రోజులు తడపాలి. నాలుగో రోజుకే మట్టికట్ట తెంపి బైకు పోనిస్తారు. రోడ్డు నాసిరకమని అర్జీ పెట్టేవాళ్లలో ఆ బైకులవాళ్లూ ఉంటారు.