వేషం తీసేయలేనివాళ్లు

కోనసీమ వెటకారానికి పెట్టింది పేరు. అమలాపురం టీ బడ్డీ దగ్గరైనా, రాజోలు కాలవ గట్టు మీదైనా మాటకి మాట తగలందే పొద్దుపోదు. ఆ వెటకారం ఎవరి మీద వాలుతుందో చూడండి. నడకలో కాస్త ఒయ్యారం కనిపించిన కుర్రాడి మీద. వాడి గురించి పుట్టిన పుకారు వాడికన్నా ముందే ఊరంతా తిరిగొస్తుంది.

ఈ నవ్వుని తెలుగు సినిమా బాగానే సొమ్ము చేసుకుంది. 1990ల మొదట్లో పి.ఎన్. రామచంద్రరావు తీసిన ‘చిత్రం భళారే విచిత్రం’ వాటిలో మెరుగైనది. పెళ్లికాని కుర్రాళ్లకి ఇల్లు అద్దెకివ్వరు. అందుకని నరేష్ చీర కట్టి ఇల్లాలి వేషం వేస్తాడు. ఆ వేషం వెంట మగవాళ్లు పడుతుంటే హాల్లో జనం పడీపడీ నవ్వారు. ఆ నవ్వంతా చెడ్డదనలేం. ఆడవాళ్ల వెంటపడే మగాడి వెకిలితనం అందులో బయటపడింది. అయితే ఆ హాస్యానికి ఒక భరోసా ఉంది. ఎప్పటికైనా చీర తీసేస్తాడు, మళ్లీ మగాడే అవుతాడు.

మరి తీసేయలేనివాళ్ల సంగతి? అద్దింటి కోసం పేరు దాచుకోవడం ముస్లింలకి కొత్త కథ కాదు. పేరు చెప్పగానే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఇల్లు ఎవరికో ఇచ్చేసినట్టయిపోతుంది. హిజ్రాలనైతే పేరు అడిగేదాకా కూడా రానివ్వరు. ఒకరికి పేరు, ఒకరికి ఒళ్లు. రెండూ విప్పి దండెం మీద ఆరేసేవి కావు.

మన ఇల్లూ చూసుకోవాలి. తెలుగులో తిట్టుగా మారిన ‘కొజ్జా’ మన ‘ఖ్వాజా’ నుంచి వచ్చిందే. అంతఃపురాల్లో పెద్ద బాధ్యతలు చూసినవాళ్లని ఒకప్పుడు ఖ్వాజాసరాలని గౌరవంగా పిలిచారు. ఆ గౌరవం నిలవలేదు. నిజాం రాజ్యమే 1919లో హిజ్రాలని అనుమానితులుగా రిజిస్టర్లకెక్కించే చట్టం తెచ్చింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసేసరికి 2023 వచ్చింది. ఈలోగా, 2018 మే నెలలో, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకారు నమ్మి హైదరాబాద్ పాతబస్తీలో, చాంద్రాయణగుట్టలో, ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని గుంపు కొట్టి చంపింది. ఎక్కడో కాదు, మన బస్తీలోనే.

పుకారు గుంపుగా మారితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? ఎక్కడ బాంబు పేలినా ముందు మన గుమ్మం వైపే చూసే దేశంలో బతుకుతున్నాం. ఇంకొకరి మీద పుకారుకి పకపకా నవ్వితే, రేపు మన మీది పుకారుని ఏ నోటితో కాదంటాం?

వెటకారం మానమనడం లేదు. అది లేకపోతే కోనసీమే లేదు. పుకారు మోసుకొచ్చినవాడి మీదికి దాన్ని తిప్పమంటున్నాను. అలాంటి హాస్యం ఎవరైనా రాస్తే, తీస్తే, మొదటి వరసలో కూర్చుని నవ్వడానికి మనం సిద్ధంగా ఉండాలి.